వెనక వరుసలో ఎవరు?

పాత సినిమా గ్రూప్ ఫోటోలో ముందు వరుస పేర్లు చెప్పడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. కుర్చీల్లో కూర్చున్నది నిర్మాత, దర్శకుడు, హీరో, హీరోయిన్, మెడలో అందరికంటే పెద్ద దండ ఉన్న ఫైనాన్షియరు. అసలు పని వాళ్ళ వెనక నిలబడ్డవాళ్ళ దగ్గర, కింద జంపఖానా మీద కూర్చున్న కుర్రాళ్ళ దగ్గర మొదలవుతుంది. పత్రికలో ఆ ఫోటో వేసేటప్పుడు మూడు నాలుగు పెద్ద పేర్లు రాసి, చివర 'తదితరులు' అని పెట్టేస్తాం. ఆ తదితరుల పేర్లు కనుక్కోవడం కొన్నేళ్ళుగా నాకు పనిగా మారింది. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు నుంచి ఫిల్మ్‌నగర్ దాకా ఏ ఇంట్లో పాత ఆల్బమ్ ఉందని తెలిసినా వెళ్ళి తలుపు తడుతుంటాను.

ఎందుకింత పట్టింపు అని అడిగినవాళ్ళకు బంజారా హిల్స్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి బోర్డు చూపిస్తాను. ఏలూరు దగ్గరి సోమవరప్పాడు నుంచి సినిమా పిచ్చితో బొంబాయి వెళ్ళిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు 'ఆలం ఆరా', 'కాళిదాస్', 'భక్త ప్రహ్లాద' మూడింటిలోనూ చిన్న చిన్న వేషాలు వేశారు. హిందీ, తమిళ, తెలుగు భాషల తొలి టాకీలవి. ఆ సెట్లలో గ్రూప్ ఫోటో తీస్తే ఆయన ఎక్కడ నిలబడి ఉండేవారు? వెనక వరుసలో, ఏ మూలనో. ఆ మూలన నిలబడ్డ మనిషే తర్వాత 'మన దేశం'తో ఎన్టీఆర్‌ను తెరకు పరిచయం చేశారు. 'షావుకారు', 'పెళ్ళి చేసి చూడు', 'మిస్సమ్మ' తీశారు. ఫాల్కే పురస్కారం అందుకున్నారు. 1987లో మొదలైన ఈ కంటి ఆసుపత్రికి స్థలం, ధనం ఇచ్చారు.

'ఆలం ఆరా' ప్రింటు ఇప్పటికీ దొరకలేదు. 'భక్త ప్రహ్లాద' సంగతీ అంతే. మిగిలినవల్లా కొన్ని స్టిల్స్, ప్రకటనలు. మన తొలి టాకీ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని ఎన్నో దశాబ్దాలు నమ్మాం, వేడుకలూ చేసుకున్నాం. సీనియర్ జర్నలిస్టు రెంటాల జయదేవ సెన్సారు రికార్డులు, నాటి పత్రికల ప్రకటనలు తవ్వి తీసి, అసలు తేదీ 1932 ఫిబ్రవరి 6 అని చూపించేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. అచ్చులో ఉన్న తేదీకే ఈ గతి పడితే, ఫోటో వెనక ఎవరో బాల్‌పెన్నుతో గీసిన పేరును కళ్ళు మూసుకుని ఎలా నమ్ముతాం?

అయితే, పెద్దవాళ్ళయ్యారు కాబట్టి వెనక వరుసను వెతకాలి అంటే అది సగం న్యాయమే. 'మాయాబజార్'కు కె.వి.రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా చేసిన సింగీతం శ్రీనివాసరావు, వాహినీ స్టూడియో సౌండ్ విభాగంలో పనిచేసిన కె.విశ్వనాథ్ తర్వాత మహా దర్శకులయ్యారు. వాళ్ళ పక్కనే నిలబడి, జీవితాంతం లైటు మోసి, ట్రాలీ తోసి, కిరీటాలకు బంగారు కాగితం అంటించి వెళ్ళిపోయినవాళ్ళ సంగతేమిటి? ఆ ఫోటోలో వాళ్ళకూ అంతే చోటుంది. నా మటుకు నాకు వాళ్ళ పేరు దొరికిన రోజే పని జరిగినట్టు.

ఈమధ్య చూసిన ఒక ఫోటో చెబుతాను. ఒక సినిమాకు గుమ్మడికాయ కొట్టిన రోజు తీసిందది. అంచులు పసుపెక్కాయి, ఓ మూల చెద తిన్నది. కుటుంబం వాళ్ళకు ముందు వరుస మాత్రమే తెలుసు. అలాంటప్పుడు నేను ముఖాలు పక్కన పెట్టి చేతులు, మెడలు చూస్తాను. మెడలో టేపు వేలాడుతుంటే కాస్ట్యూమర్. తాడుకు లైట్ మీటర్ ఉంటే కెమెరా శాఖ. చేతిలో అద్దం, పౌడర్ పఫ్ ఉంటే మేకప్. చెవి మీద పెన్సిలు, చంకలో ప్యాడు ఉంటే అసిస్టెంట్ డైరెక్టర్. తోలు సంచీ వదలకుండా పట్టుకున్నాయన ప్రొడక్షన్ మేనేజర్. ఫోటో తీసేటప్పుడు కూడా డబ్బు సంచీ కింద పెట్టని మనిషి ఇంకెవరుంటారు? ఇలా శాఖలు తేలాక ఆ సినిమా పాటల పుస్తకం తీయాలి. అణాకో బేడాకో హాలు దగ్గర అమ్మిన ఆ పుస్తకంలో రెండో పేజీ నాకు పాటలకంటే విలువైనది. మేకప్, దుస్తులు, కళ, శబ్దగ్రహణం, ఎడిటింగ్ పేర్లన్నీ అందులో ఉంటాయి. శాఖకు పెద్ద ఎవరో అలా తేలుతుంది. ఆయన కింద పనిచేసినవాళ్ళ పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండవు.

అందుకు మనుషులే దిక్కు. ఆ ఫోటో పట్టుకుని కృష్ణానగర్‌లో ఉండే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. మద్రాసులో మేకప్ అసిస్టెంటుగా చేరి, పరిశ్రమతోపాటు హైదరాబాద్ వచ్చేసినాయన. "ఈయనెవరు బాబాయ్?" అని అద్దం పట్టుకున్న మనిషిని చూపించాను. భూతద్దం ముఖం మీద పెట్టలేదాయన, కిందికి జరిపారు.

"ముఖం ఎందుకయ్యా? ఆ చెయ్యి చూడు. బ్రష్షు పట్టి పట్టి చిటికెనవేలు అలా విడిగా నిలబడిపోయింది. మా గుంపులో ఆ వేలు ఒక్కడిదే."

పేరు చెప్పారు. ఊరు చెప్పారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర అతను ఎవరి పక్కన కూర్చునేవాడో కూడా చెప్పారు. అయినా వెంటనే రాసుకోలేదు. అదే సినిమాకు పనిచేసిన ఇంకొకాయనను విడిగా కలిసి, మొదటాయన పేరు ఎత్తకుండా, అదే ప్రశ్న అడిగాను. అదే పేరు వచ్చింది. అప్పుడు రాశాను.

ఈ పనిలో అడిగే తీరే ముఖ్యం. "ఈయన ఫలానా ఆయనే కదండీ?" అని ఎప్పుడూ అడగకూడదు. మన పెద్దవాళ్ళు మర్యాదస్తులు. అంత దూరం వచ్చినవాణ్ణి నొప్పించడం ఎందుకని "ఆఁ, ఆయనే అయ్యుంటారు" అనేస్తారు. ఆ ఒక్క 'ఆఁ' రేపు పుస్తకంలో నిజమై కూర్చుంటుంది. "ఎవరండీ ఈయన?" అని అడిగి నోరు మూసుకోవాలి. జవాబు రాకపోతే సెట్ గురించి, ఆ రోజుల్లో మెస్ గురించి, ఎవరి కారులో ఎవరెక్కేవారన్న దాని గురించి మాట్లాడించాలి. చాలాసార్లు ముఖం చూపిస్తే రాని పేరు మాటల మధ్యలో తనంతట తానే వస్తుంది.

ముఖాల పోలికకు వస్తే నేను చెవుల్ని నమ్ముతాను. మీసం పెడతారు, తీస్తారు. విగ్గు నుదురును మార్చేస్తుంది. ఒళ్ళు వస్తుంది, తగ్గుతుంది. చెవి మడతల తీరు, తమ్మె చెంపకు అంటుకుని ఉందా విడిగా వేలాడుతోందా అన్నది అంత తేలిగ్గా మారవు. పౌరాణికాల స్టిల్స్‌లో మాత్రం కిరీటాలు, కర్ణపత్రాలు ఆ చెవుల్నే కప్పేసి ఏడిపిస్తాయి.

చెవులు చూసేముందు ఫోటో తిరగబడిందేమో చూడాలి. నెగెటివ్‌ను వెనక వైపు నుంచి ప్రింటు వేస్తే ఎడమ కుడి అవుతుంది. చొక్కా జేబు కుడివైపు కనబడినా, యజ్ఞోపవీతం కుడి భుజం మీంచి దిగినా, అందరి పైటలూ కుడి భుజం మీదే ఉన్నా అనుమానించాలి. అది గమనించకుండా 'ఎడమ నుంచి కుడికి' అని పేర్లు రాస్తే ఒకరి పేరు ఇంకొకరికి పడుతుంది.

నాటకాల వాళ్ళ ఫోటోలైతే ఇంకా జాగ్రత్త కావాలి. అందులో జడ వేసుకుని, నగలు పెట్టుకుని కూర్చున్న అమ్మాయి అమ్మాయే అని ఎలా చెబుతాం? సత్యభామగా ఆంధ్రదేశాన్ని ఊపిన స్థానం నరసింహారావు గారు మగవారు. అక్కినేని నాగేశ్వరరావు నాటకాల్లో పేరు తెచ్చుకున్నదే ఆడవేషాలతో. ఎన్టీఆర్ బెజవాడ కాలేజీ రోజుల్లో 'రాచమల్లుని దౌహిత్రుడు'లో నాగమ్మ వేషానికి మీసం తీయనని పట్టుబట్టి 'మీసాల నాగమ్మ' అనిపించుకున్నారు. ఆయనలా అందరూ ఆనవాలు మిగల్చలేదు. సురభి వాళ్ళ దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. ఆ కుటుంబాల్లో ఆడవాళ్ళు రంగం మీదికి వచ్చి ఆడవేషాలే కాదు, మగవేషాలూ కట్టారు. 'భక్త ప్రహ్లాద'లో లీలావతి అయిన సురభి కమలాబాయి అలా పెరిగినావిడే. సురభి ఫోటోలో కృష్ణుణ్ణి చూసి 'నటుడు' అని రాసేముందు ఆగాలి.

సినిమాల్లోనూ వలలున్నాయి. విజయా వారు ఒకే సెట్‌లో తెలుగు, తమిళం రెండూ తీసేవారు. 'మాయాబజార్' స్టిల్‌లో కృష్ణుడు ఎన్టీఆరే, శశిరేఖ సావిత్రే, ఘటోత్కచుడు ఎస్వీ రంగారావే. అయినా అది తమిళ చిత్రానిది కావచ్చు. అభిమన్యుడిగా నాగేశ్వరరావు ఉన్నారా, జెమినీ గణేశన్ ఉన్నారా అన్నది చూస్తేగానీ తేలదు. 'మిస్సమ్మ'కు మొదట మేరీ భానుమతి. కొంత చిత్రీకరణ జరిగాక ఆమె తప్పుకోవడం, ఆ పాత్ర సావిత్రికి రావడం అందరికీ తెలిసిన కథే. ఆ మొదటి రోజుల స్టిల్ ఒకటి చేతికొస్తే, ఈ కథ తెలియని కుర్రాడు దాన్ని భానుమతి నటించిన ఇంకేదో సినిమా కింద వేసేస్తాడు. తప్పు అతనిది కాదు, చెప్పనివాళ్ళది.

అవుట్‌డోర్ ఫోటోల్లో మనుషులు చెప్పని సంగతులు రాళ్ళు చెబుతాయి. బంజారా హిల్స్ అప్పట్లో బండలే. మెహదీ నవాజ్ జంగ్ ఆ బండల మధ్య ఇల్లు కట్టుకున్నప్పుడు జనం విడ్డూరంగా చూశారు. 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి ఆయన ఇంట్లో అతిథిగా ఉన్నారు. ఆ తర్వాత ఈ గుట్టల్లో ఎన్ని ఫైటింగులు, ఎన్ని పాటలు తీశారో. ఇప్పుడు ఆ బండల్లో చాలావాటిని పేల్చి అపార్ట్‌మెంట్లు కట్టేశారు. స్టిల్‌లో హీరో వెనక నిలబడ్డ బండ ఏ రోడ్డు మీదదో, దాన్ని ఏ ఇంటి కోసం ఎప్పుడు పగలగొట్టారో ఇక్కడి పాతకాపులకు తెలుసు. బండకు ఏడాది తెలిస్తే ఆ ఫోటో అంతకు ముందుదని తేలిపోతుంది. స్టూడియోలూ అంతే. వెనక అన్నపూర్ణ స్టూడియో ఫ్లోరు కనబడితే అది 1976 తర్వాతదే. ఏడాది తేలితే అప్పుడు ఎవరు యూనిట్‌లో ఉన్నారో, ఎవరు ఇంకా మద్రాసు రానేలేదో చెప్పవచ్చు. సగం తప్పుడు పేర్లు అక్కడే రాలిపోతాయి.

ఫోన్‌లో ఒక బొత్తాం నొక్కితే పాత ఫోటోను తళతళలాడించే యాప్‌లు వచ్చాయి. చూడటానికి బాగుంటాయి, ఇంట్లో పెట్టుకోండి. పేర్లు తేల్చడానికి మాత్రం అవి పనికిరావు. మసకగా ఉన్న కన్నును, చెవిని ఆ యంత్రం ఊహించి కొత్తగా గీస్తుంది. మనం పోల్చేది మనిషిని కాదు, ఆ ఊహను. రంగులద్దిన ఫోటోలో చీర రంగు చూసి సినిమా పేరు చెప్పేవాళ్ళనూ చూస్తున్నాను. ఆ రంగు నిన్న పుట్టింది.

వాట్సాప్‌లో తిరిగే 'అరుదైన ఫోటో'ల్లో ప్రతి లావుపాటి మీసాలాయనా ఎస్వీ రంగారావే, ప్రతి పెద్ద కళ్ళావిడా సావిత్రే. పెద్ద పేరు పెట్టగానే ఆ ఫోటో ఊళ్ళన్నీ తిరుగుతుంది, కానీ అందులో నిజంగా ఉన్న మనిషి ఆ క్షణం నుంచి లేకుండా పోతారు. ఆమె మనవరాలు ఎక్కడో ఉండి ఆ ఫోటో చూసినా, పేరు చూసి మా అమ్మమ్మ కాదులే అనుకుంటుంది. తప్పు పేరు కంటే పేరు లేకపోవడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. నా నోట్‌బుక్‌లో పేరు పక్కన మూడే మాటలు రాస్తాను: ఖాయం, బహుశా, తెలియదు. ఎవరు చెప్పారో, ఏ నెలలో చెప్పారో కూడా రాస్తాను.

2022 సెప్టెంబరులో కృష్ణంరాజు, నవంబరులో కృష్ణ, డిసెంబరులో కైకాల సత్యనారాయణ, 2023 జనవరి 27న జమున, ఆ వారం తిరగకుండానే ఫిబ్రవరి 2న కె.విశ్వనాథ్ వెళ్ళిపోయారు. ఐదు నెలలు నిండకుండానే ఈ చుట్టుపక్కల ఇళ్ళ నుంచి ఎంత జ్ఞాపకం పోయిందో చూడండి. వాళ్ళు పెద్దవాళ్ళు కాబట్టి ఇంటర్వ్యూలైనా మిగిలాయి. అదే కాలంలో కృష్ణానగర్ గదుల్లోనూ, చెన్నై కోడంబాక్కం సందుల్లోనూ వెళ్ళిపోయిన మేకప్ మనుషులను, లైట్‌మ్యాన్‌లను, డాన్సర్ అమ్మాయిలను ఎవరూ ఏమీ అడగలేదు.

మీ ఇంట్లో సినిమా ఆల్బమే ఉండాలని లేదు. పెళ్ళి ఫోటో, స్కూలు ఫోటో, ఆఫీసు వీడ్కోలు ఫోటో ఏదైనా సరే, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ ముందు పెట్టండి. పేరు మీరు అందించకండి, వాళ్ళను చెప్పనివ్వండి. మెత్తటి పెన్సిలుతో, నొక్కకుండా, వెనకవైపు వరుసల ప్రకారం రాయండి. బాల్‌పెన్ను వద్దు, అది ముందువైపుకు ఉబ్బుతుంది. రెండు వైపులా స్కాన్ చేసి పెట్టుకోండి. ఎవరో తెలియకపోతే ఆ చోట 'తెలియదు' అని రాసి ఖాళీ వదలండి. ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల పాత స్టిల్స్ ఉన్నవాళ్ళు చిత్తుకాగితాలవాడికి వేసేముందు ఒక్కసారి కబురు చేయండి, నేనే వచ్చి చూసుకుంటాను.