ఖాళీ గడికి కాపలా

తెలంగాణ, రాజధాని, హైదరాబాద్. ఆర్‌డీఎఫ్ పద్ధతిలో ఏ సంగతినైనా ఇలా మూడు ముక్కల్లోనే చెప్పాలి: సబ్జెక్ట్, ప్రెడికేట్, ఆబ్జెక్ట్. ఈ ట్రిపుల్స్‌ని దాచిపెట్టేదే ట్రిపుల్ స్టోర్. వాటితో పైథాన్‌లో పనిచేసేవాళ్ల చేతిలో ఎక్కువగా కనిపించేది ఆర్‌డీఎఫ్‌లిబ్. డేనియల్ క్రెక్ మొదలుపెట్టిన ఈ లైబ్రరీ 2002 నుంచీ వాడుకలో ఉంది. దాని కోడ్ తెరిచి చదివితే పనితనం ఎక్కడుందో తెలుస్తుంది.

ట్రిపుల్‌ని చేర్చే యాడ్ ఫంక్షన్‌కి రెండు జతల బ్రాకెట్లు పెట్టాలి. కొత్తవాళ్లు ఒక జత మరిచిపోయి ఎర్రర్ తెచ్చుకుంటారు. ఇదేం చాదస్తం అనిపిస్తుంది గానీ, యాడ్ తీసుకునేది మూడు విలువల్ని కాదు, మూడూ కలిసిన ఒకే టపుల్‌ని. తీసేయడానికీ, ఉందో లేదో అడగడానికీ, వెతకడానికీ అదే టపుల్. తెలియని చోట, ఖాళీ అని అర్థమిచ్చే నన్ పెడితే చాలు. తెలంగాణ, నన్, నన్ అని వెతికితే తెలంగాణ గురించి ఉన్నదంతా వస్తుంది. అదే టపుల్‌ని రిమూవ్‌కిస్తే అదంతా పోతుంది.

ఖాళీకి ఇంత బలం ఉన్నప్పుడు ప్రమాదమూ ఉంటుంది. సెట్ ఫంక్షన్ చూడండి. అది పాత విలువను తీసేసి కొత్తది పెడుతుంది. అక్కడ సబ్జెక్ట్ గడి పొరపాటున నన్ అయిందనుకోండి, ఆ ప్రెడికేట్ ఉన్న ప్రతి ట్రిపులూ గ్రాఫ్‌లోంచి, అంటే మొత్తం ట్రిపుల్స్ సమూహంలోంచి, తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే సెట్ మొదట్లోనే అలాంటి నన్‌ని ఆపే ఒక అసర్ట్ ఉంది. ఆపడమే కాదు, ఎందుకు ఆపిందో కూడా ఎర్రర్‌లో చెబుతుంది. రిమూవ్‌కి మూడూ నన్‌లే ఇచ్చి గ్రాఫంతా ఖాళీ చేస్తుంటే మాత్రం ఎవరూ అడ్డుపడరు. తీసెయ్యమని అడిగినవాడికి తీసేస్తారు. ఒక్క విలువ మార్చమన్నవాడిని ఊరంతా తగలబెట్టనివ్వరు. ఈ తేడా తెలిసి రాసిన చెయ్యి అది.

సెట్ మీద నాకొక ఫిర్యాదుంది. అది భాషను చూడదు. హైదరాబాద్ పేరు తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి ఉంటే, తెలుగు పేరు సవరించబోతే ఇంగ్లీషుదీ పోతుంది. పాతవన్నీ తీసేస్తామని డాక్యుమెంటేషన్‌లో చెప్పారు, కాదనను. కానీ రెండు భాషల డేటాతో పనిచేసేవాళ్లు సెట్ జోలికి పోకుండా, పాత తెలుగు లిటరల్ ఒక్కదాన్నే రిమూవ్ చేసి కొత్తది యాడ్ చేసుకోవాలి.

లోపల, మెమరీ స్టోర్‌లో, ప్రతి ట్రిపుల్‌నీ మూడు డిక్షనరీల్లో రాస్తారు: సబ్జెక్ట్‌తో మొదలయ్యేది ఒకటి, ప్రెడికేట్‌తో ఒకటి, ఆబ్జెక్ట్‌తో ఒకటి. పాత గ్రంథాలయాల్లో ఒకే పుస్తకానికి రచయిత పేరుతో ఒక కార్డు, పుస్తకం పేరుతో మరొకటి, విషయంతో ఇంకొకటి ఉండేవి కదా, అలాగే. సబ్జెక్ట్ తెలిస్తే మొదటి డిక్షనరీ, అది తెలియక ప్రెడికేట్ తెలిస్తే రెండోది, ఆబ్జెక్ట్ ఒక్కటే తెలిస్తే మూడోది తెరుస్తుంది. మెమరీ ఎక్కువ పడుతుంది, నిజమే. అయినా ఏ గడి ఖాళీగా ఉన్నా గ్రాఫ్ మొత్తం గాలించే పని తప్పుతుంది.

రిసోర్స్ అనే చిన్న క్లాసూ ముచ్చటైనదే. ఒక సబ్జెక్ట్‌ని పట్టుకుని పనిచేయడానికి అది వీలిస్తుంది. తన దగ్గర మాత్రం డేటా ఏదీ దాచుకోదు, గ్రాఫ్‌నీ ఐడెంటిఫయర్‌నీ గుర్తుపెట్టుకుంటుంది, అంతే. సేవ్ చేయడం మరిచిపోయామే అన్న బెంగ ఉండదు.

ఇదే గ్రాఫ్‌ని వేరే సర్వర్‌లో నడిచే జెనా ఫ్యుసెకీ లాంటి స్టోర్‌కి కలిపినా రాసే తీరు మారదు. అడుగున యాడ్ కాస్తా ఆర్‌డీఎఫ్ క్వెరీ భాష స్పార్కిల్‌లో ఇన్సర్ట్‌గా మారి నెట్‌వర్క్ మీద వెళుతుంది. ఆటోకమిట్ ఆపకపోతే యాడ్ చేసిన ప్రతిసారీ సర్వర్‌కి ఒక రిక్వెస్ట్ పోతుంది. ఆపితే కమిట్ అనేదాకా, లేదా మధ్యలో ఏదైనా చదవమని అడిగేదాకా, అన్నీ వరుసలో ఆగుతాయి. పేరులేని బ్లాంక్ నోడ్ వచ్చిందంటే మాత్రం ఇక్కడ ఆర్‌డీఎఫ్‌లిబ్ ఒప్పుకోదు, ఎర్రర్ ఇచ్చి నిలబడుతుంది. కారణముంది. స్పార్కిల్ క్వెరీలో బ్లాంక్ నోడ్ వేరియబుల్‌లా పనిచేసి దేనికైనా సరిపోతుంది. అడిగింది ఒకటైతే వచ్చేది ఇంకొకటవుతుంది. మీ సర్వర్ బ్లాంక్ నోడ్లకు సొంత గుర్తులు ఇచ్చేదైతే, నోడ్లను స్పార్కిల్‌లోకి మార్చే ఫంక్షన్‌ని మీరే రాసి ఇవ్వొచ్చు, ఆ సందు వదిలిపెట్టారు. కాకపోతే అలాంటి నోడ్లకు ముందే ఒక యూఆర్‌ఐ ఇచ్చి పంపడం తేలిక.