మసక ఆకాశం, పెద్ద అద్దం

శృంగవరపుకోటలో దక్షిణాకాశం నల్లగా ఉండదు. విశాఖ దీపాల వెలుగూ సముద్రపు తేమా కలిసి ఆ దిక్కున పాలిపోయిన పసుపు పూస్తాయి. ఒమేగా సెంటారీ నక్షత్రగుచ్ఛం నడిచి వెళ్లేది సరిగ్గా ఆ మసకలోంచే. ఎంత పైకొచ్చినా దిగంతం నుంచి పాతిక డిగ్రీల లోపే. అయినా చూసితీరాలి.

6 అంగుళాల టెలిస్కోపులో అదొక వెన్నెల ముద్ద. చూపు కాస్త పక్కకు జరిపితే అంచుల్లో సన్నని రవ్వలు మెరుస్తాయి. అదే 10 అంగుళాల అద్దంలో, ఆహా, ముద్ద విచ్చుకుంటుంది! నడిమి దాకా చుక్కలే, చుక్కల సందుల్లోంచి మళ్లీ చుక్కలు. పదిహేడు వేల ఏళ్లు నడిచొచ్చిన వెలుగు అది.

పెద్ద అద్దం ఊరి వెలుగునూ అంతే ఎక్కువగా పట్టి తెస్తుంది, నిజమే. కానీ మాగ్నిఫికేషన్ పెంచేకొద్దీ మసక పలచబడుతుంది, చుక్క మాత్రం చుక్కగానే నిలుస్తుంది. గెలాక్సీలకు ఆ భాగ్యం లేదు. వాటి కాంతి పరుచుకున్నది కాబట్టి మసకతోపాటే పలచనవుతుంది. ఊళ్లో పెద్ద అద్దం సొగసంతా నక్షత్రగుచ్ఛాలలోనే ఉందంటాను.

గ్రహాల దగ్గర అసలు పరీక్ష గాలిది. పగలంతా కాగిన డాబాలు పొద్దుపోయేదాకా వేడి కక్కుతుంటాయి, కొండల మీంచి చల్లగాలి దిగుతుంటుంది. ఆ కలగాపులగంలో శని వలయం చిన్న టెలిస్కోపులో అటూ ఇటూ ఊగుతుంది, పెద్దదానిలో మరిగి చెదిరిపోతుంది. 10 అంగుళాల అద్దానికి అర ఆర్క్‌సెకను వివరం చూపే సత్తా ఉన్నా, గాలి తరచూ రెండు ఆర్క్‌సెకన్ల దగ్గరే ఆపేస్తుంది. అలాంటి రాత్రి చిన్నదే కంటికి హాయి. అయినా కన్ను తీయకండి. ఉన్నట్టుండి గాలి కుదుటపడుతుంది. గురుడి పట్టీల అంచున ముడులూ మెలికలూ చెక్కినట్టు తేలతాయి. ఆ రెప్పపాటు కోసమే పెద్ద అద్దం.

ఈ తీరపు గాలిలోనే, విశాఖలో, అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా సాగిన శుక్రుణ్ణి 6 అంగుళాల కుక్ టెలిస్కోపుతో పరిశీలించారు. సూర్యుడి మీద చూపు కాబట్టి వెలుగుకు కరువు లేదు, ఆ పనికి ఆ కటకం చాలు. చుక్కల గుంపులకు చాలదు.

మే నడుమ రాత్రి పది గంటలకు ఒమేగా సెంటారీ నడిదక్షిణంలో ఉంటుంది. టెలిస్కోపు కొనేముందు దాన్ని చిన్నదానిలోనూ పెద్దదానిలోనూ ఒకే రాత్రి చూడండి.