చీటీ వెనుక చెట్టు

మా కాంపౌండరు దృష్టిలో నేను పిసినారిని. పాత మందుల చీటీ పారేయను, వెనక్కి తిప్పి బొమ్మ వేస్తాను. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, ఇద్దరి మధ్య పెళ్లి గీత. మేనరికమైతే జంట గీతలు. మూడు తరాలు వేసేసరికి చీటీ నిండిపోతుంది. పుస్తకాల్లో దీని పేరు పెడిగ్రీ. నేను చెట్టు అంటాను.

ఈ అలవాటును నాకు నేర్పింది ఒక పొరపాటు.

ఒకమ్మాయి పెళ్లికి ముందు నుంచీ నా దగ్గరికే వచ్చేది. ఎప్పుడు చూసినా హిమోగ్లోబిన్ పది, పదిన్నర. రక్తం మాత్రలు రాసేవాణ్ని. మూడు నెలలు వాడి వచ్చేది, మళ్లీ అదే పది. "సరిగ్గా మింగడం లేదమ్మా నువ్వు" అని కసిరేవాణ్ని. "ఒట్టు డాక్టరుగారూ, ఒక్కటీ మానలేదు" అనేది.

నిజంగానే మానలేదు. అసలు సంగతి ఆమె తెచ్చిన రిపోర్టులోనే ఉంది. ఐరన్ తగ్గితే ఎర్రకణాలు చిన్నవవుతాయి, సాధారణంగా లెక్కా తగ్గుతుంది. ఆమెకు కణాలు చిన్నవే, లెక్క మాత్రం పైనుంది. కణం సైజు చెప్పే ఎంసీవీని కణాల లెక్కతో భాగించండి, 13 కంటే తక్కువొస్తే తలసేమియా మైనరేమో చూడండి అని మెంట్జర్ అనే వైద్యుడు 1973లోనే చెప్పాడు. ఆ చిన్న భాగహారం చేయడానికి నాకు ఆరేళ్లు పట్టింది. అప్పటికి ఆమె మూడో నెల గర్భిణి. 62ను 5.4తో భాగిస్తే పదకొండున్నర. హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష మిగతాది తేల్చేసింది: తలసేమియా మైనరే, అంటే జన్యులోపాన్ని మోస్తుందే కానీ రోగి కాదు.

"మీ ఆయన బయటి సంబంధమా?" అన్నాను.

"కాదండీ, మేనత్త కొడుకే."

చెమట పట్టింది నాకు. ఇద్దరికీ మైనర్ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు మేజర్ బిడ్డ పుట్టే ప్రమాదం. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటూ బతకాల్సిన బిడ్డ. ఆయన రిపోర్టు వచ్చేదాకా నాకు సరిగ్గా నిద్ర లేదు. ఆయనకు లేదని తేలింది. అందులో నా గొప్పేమీ లేదు, వాళ్ల అదృష్టం. ఆ రోజే మొదటి చెట్టు గీశాను.

జన్యు వైద్యం అనగానే నగరంలో పెద్ద ఆస్పత్రి, ఖరీదైన పరీక్ష గుర్తొస్తాయి. కానీ ఆ పరీక్ష ఎవరికి అవసరమో చెప్పేది మా గల్లీ క్లినిక్కే. మత్తు డాక్టర్లను చూడండి. జీన్ల సంగతి తేలకముందే వాళ్లకొక జాగ్రత్త తెలుసు: ఆర్యవైశ్యులకు స్కోలిన్ ఇచ్చేముందు ఆలోచించు. గొంతులో గొట్టం వేయడానికి కండరాలను వదులు చేసే ఇంజెక్షన్ అది. మామూలుగా కొద్ది నిమిషాల్లో విడిచిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ రక్తంలో లేనివాళ్లకు, ఆర్యవైశ్యుల్లో అలాంటివాళ్లు ఎక్కువ, గంటల తరబడి సొంతంగా ఊపిరి అందదు, వెంటిలేటర్ మీద ఉంచాల్సిందే.

తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన సమూహాల్లో ఇలాంటి జన్యులోపాలు పోగుపడతాయి. 2017లో హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి దక్షిణాసియాలో 263 సమూహాలను పరిశీలించారు. అందులో 81 సమూహాల్లో ఈ పోగు, జన్యు వ్యాధుల చర్చల్లో ఎప్పుడూ వినబడే ఫిన్లాండ్ వాళ్లకంటే ఎక్కువ. అంటే ఇది ఒక్క కులం గొడవ కాదు. అందుకే నేను కులం అడగను. "మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మత్తు దిగడం కష్టమైందా?" అని అడుగుతాను. కులం కంటే కుటుంబమే ఎక్కువ చెబుతుంది.

అడగడంలోనే పనితనమంతా ఉంది. "వంశంలో జబ్బులున్నాయా?" అంటే "అబ్బే, ఏమీ లేవండీ" అంటారు. "తాతగారు ఎన్నో ఏట పోయారు? ఎలా పోయారు?" అంటే కథ మొదలవుతుంది. ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంటే మాత్రం నోరు మూతపడుతుంది. సంగతి బయటపడితే సంబంధం తప్పిపోతుందని భయం. ఆ భయాన్ని నేను తప్పుపట్టలేను, తప్పిపోయేది ఎక్కువగా ఆడపిల్ల సంబంధమే. మైనర్ ఉన్న మనిషి రోగి కాదు, మైనర్ ఉన్న ఇద్దరు కలిసినప్పుడే లెక్క చూసుకోవాలి. ఈ రెండు మాటలు మనసుకెక్కించడానికి అరగంట పడుతుంది. మందు రాయడానికి రెండు నిమిషాలు చాలు. సికిల్ సెల్ కూడా ఇలా వంశంలో వచ్చే రక్తజబ్బే. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో గిరిజన గ్రామాల్లో పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. అక్కడైనా అంతే, కార్డు ఇవ్వడంతో సరిపోదు. పక్కన కూర్చుని అర్థం చెప్పే మనిషి కావాలి.

ఆనాటి కడుపులో బిడ్డ ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. హిమోగ్లోబిన్ పదిన్నర, అమ్మ పోలికే. ఐరన్ పరీక్ష బాగుంది కాబట్టి రక్తం మాత్రలు రాయలేదు.

ఈసారి పండక్కి ఊరెళ్తే నాయనమ్మ, అమ్మమ్మల పక్కన కూర్చోండి. ఎవరు ఏ వయసులో, దేంతో పోయారో అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. దాన్ని మీ డాక్టరు బల్ల మీద పెట్టండి. ఆయన చదివేదాకా తీయకండి.