మెట్లు దిగే కాళ్లు

అమీర్‌పేట మెట్రో మెట్లు ఎక్కడం ఆ రోజు పెద్ద కష్టమనిపించలేదు. దిగడమే నా వల్ల కాలేదు. ముందురోజు హైదరాబాద్ మారథాన్‌లో 21 కిలోమీటర్లు పరుగెత్తాను. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఊపిరి అందలేదు గానీ, తొడలు దెబ్బతిన్నది వాలు దిగేటప్పుడే. దిగుతున్నప్పుడు కండరం ఒకపక్క సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. ఆ పెనుగులాటలో పోగులు సన్నగా చిట్లుతాయి. అందుకే నొప్పి అప్పటికప్పుడు తెలియదు, ఒకటి రెండు రోజులకు ముదురుతుంది. లాక్టిక్ యాసిడ్ పేరుకుందని చాలామంది అంటారు. అది గంట తిరిగేసరికి రక్తంలోంచి పోతుంది.

ఈ నొప్పికి నీళ్లు మందన్న మాట మాకు కొత్త కాదు. పక్కనే బల్కంపేటలో ప్రకృతి చికిత్సాలయం ఉంది. తొట్టి స్నానం, మట్టి పట్టీ, ఆవిరి, మర్దన అక్కడ ఎప్పటినుంచో ఉన్నవే. ఇప్పుడు క్రీడాకారులు ఐస్ టబ్బులో దిగుతున్నారు. 10 నుంచి 15 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు కూర్చుంటే నొప్పి తగ్గుతుంది, నిజమే. రేపే మళ్లీ మ్యాచ్ ఉన్నవాళ్లకు అది మేలు. బరువులెత్తి కండ పెంచుకునేవాళ్లకు మాత్రం వద్దంటాను. 12 వారాల పాటు వ్యాయామం చేసిన ప్రతిసారీ చన్నీళ్లలో దిగినవాళ్లకు కండ తక్కువగా పెరిగిందని 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. కండ పెరగడానికి అందే సంకేతాలనే చలి అణచేస్తుందేమో మరి.

మర్దన మీద నాకు గురి ఎక్కువ. 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు 99 అధ్యయనాలను కలిపి చూస్తే నొప్పికీ అలసటకూ ముందు నిలిచింది అదే. పరుగయ్యాక కాళ్లు సాగదీయడం వల్ల నొప్పి తగ్గేది నామమాత్రమే.

మా వీధి హాస్టల్లో నల్గొండ వైపు కుర్రాడొకడు కానిస్టేబుల్ పరుగుకు తయారవుతున్నాడు. 2022 నోటిఫికేషన్ లెక్కన 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేయాలి. మొన్న కుంటుకుంటూ ఎదురొచ్చాడు.

"అన్నా, ఐస్ పెట్టాల్నా, వేడి కాపడమా?"

"రాత్రి ఎన్నింటికి పడుకున్నావు తమ్ముడూ?"

"ఒంటిగంటకు. నాలుగున్నరకే లేచిన."

గదిలో నలుగురు. ఒకరు చదువుతుంటే ఇంకొకరు ఫోన్లో మాట్లాడుతుంటారు. ఒంటిని బాగుచేసే గ్రోత్ హార్మోన్ ఎక్కువగా ఊరేది గాఢనిద్రలో. మొత్తం నిద్రే మూడున్నర గంటలకు కుదించుకుపోతే ఏ ఐసూ పూడ్చలేదు. పరుగయ్యాక మూడు గుడ్లు తినమన్నాను. దాదాపు 18 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. నొప్పిగా ఉన్నరోజు పరుగు మానేసి మెల్లగా నడవమన్నాను. నిద్ర మాత్రం నేను చెప్పినంత మాత్రాన దొరికేది కాదు.

హాస్టల్ యజమాని దగ్గరికి వెళ్లి, పరుగుకు తయారయ్యే పిల్లలందరినీ ఒకే గదిలో వేసి పదింటికి లైట్లు ఆర్పించమని అడిగాను. చూద్దామన్నారు. ఈ శనివారం మళ్లీ వెళ్తున్నాను.