దుప్పటి తగిలినా

"ఒళ్లంతా మంటేనమ్మా. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నా."

ఆ పెద్దాయనకు క్యాన్సర్ పాకింది తుంటి ఎముకకు. ఒళ్లంతా నొప్పి ఎందుకుండాలి? పది రోజుల్లో మార్ఫిన్ మోతాదు మూడుసార్లు పెంచాను. పెంచినప్పుడల్లా ఒక పూట నెమ్మదించి, మర్నాటికి బాధ ఇంకా ఎక్కువయ్యేది. నిద్రలో చేతులు ఉలిక్కిపడుతున్నాయని ఆయన భార్య చెబితే నీరసం అనుకున్నాను. అప్పుడే ఆగి ఉండాల్సింది.

నొప్పి తగ్గించే మందే కొందరిలో నొప్పిని పెంచుతుంది. మార్ఫిన్ సూదుల విషయంలో 1870లోనే ఇంగ్లండు వైద్యుడు క్లిఫర్డ్ ఆల్‌బట్ ఈ అనుమానం రాశారు. మార్ఫిన్ ఒంట్లో మార్పు చెందినప్పుడు ఎం3జీ అనే పదార్థం పుడుతుంది. అది నొప్పిని తగ్గించదు సరికదా, నరాలను రెచ్చగొడుతుంది. దాన్ని బయటికి పంపాల్సినవి మూత్రపిండాలు. పెద్దాయనకు క్రియాటినిన్ పెరిగి ఉంది, అంటే అవి సరిగా పనిచేయడం లేదు.

రోగం ముదిరినా, ఒళ్లు మందుకు అలవాటుపడినా నొప్పి పెరుగుతుంది. అప్పుడు మోతాదు పెంచితే సాధారణంగా ఊరట దొరుకుతుంది. మందే నొప్పిని పెంచినప్పుడు అలా కాదు. నొప్పి అసలు చోటు దాటి పాకుతుంది, ఉత్త స్పర్శ కూడా బాధిస్తుంది. రెండు రకాల నొప్పులూ కలిసే ఉండొచ్చు కూడా. అందుకే నొప్పికి పదికి ఎన్ని మార్కులని అడిగి ఊరుకుంటే చాలదు. ఎక్కడ, ఎప్పటినుంచి, ముట్టుకుంటే ఎలా ఉంది అని మంచం పక్కన కూర్చుని అడగాలి. పాలియేటివ్ వైద్యంలో నాకు తెలిసిన అసలు పని అదే.

మార్ఫిన్ ఆపి, లెక్క ప్రకారం రావాల్సిన దానికన్నా తక్కువ మోతాదులో ఫెంటనిల్ అనే మరో నొప్పి మందు మొదలుపెట్టాం. సెలైన్ ఎక్కించాం. కొందరికి మెథడోన్ అనే మందు పనికొస్తుంది, కానీ దానికి అనుభవమున్న చెయ్యి కావాలి. నాలుగో రోజు ఆయన భుజం పట్టి కూర్చోబెట్టనిచ్చారు.

ఇది చదివి ఇంట్లో మార్ఫిన్ మాన్పించకండి. 1985 మాదకద్రవ్యాల చట్టం తర్వాత మన దేశంలో అది ఆసుపత్రులకే అందడం కష్టమైంది. 2014 సవరణతో గానీ దారి సులువు కాలేదు. ఎక్కువ మందికి మార్ఫిన్ మేలే చేస్తుంది. మోతాదు పెంచాక నొప్పి ఎక్కువైనా, కొత్త చోటికి పాకినా, కాళ్లూ చేతులూ ఉలిక్కిపడినా ఆ రోజే మీ డాక్టరుకు ఫోన్ చేయండి.