కాగితం మనసు తెలిసిన చేతులు

జిరాక్సు కాగితం చదరపు మీటరుకు 70, 80 గ్రాములు తూగుతుంది. ఆర్ట్ ప్రింట్లకు వాడే పత్తి కాగితం చాలాసార్లు 300 దాటుతుంది. 1584 నుంచీ కాగితంతోనే బతుకుతున్న జర్మనీ సంస్థ హానెమ్యూలే చేసే కాగితం ఫోటో రాగ్‌లో 308 గ్రాముల రకం ఉంది. అంత మందం చూస్తే ప్రింటరు మొరాయిస్తుంది. ఒకసారి అసలు లాగదు, ఇంకోసారి వంకరగా లాగుతుంది, మరోసారి అంచులకు సిరా పూసి వదులుతుంది.

పని తెలిసినవాళ్లు మిషన్ను తిట్టరు. ముందు కాగితాన్ని చూస్తారు. షీటును బల్లమీద పెట్టి, తల వంచి, మూలలు లేచాయేమో పరికిస్తారు. రోల్ నుంచి కోసింది చుట్టుకుపోతుంటే ఎదురువైపుకు మెల్లగా వంచి చదును చేస్తారు. మెత్తని బ్రష్షుతో నూగు దులుపుతారు. ఆ నూగు రోలర్లకు అంటితే పట్టు జారుతుంది. సిరా కింద ఉండిపోతే, తర్వాత రాలి తెల్లచుక్క మిగులుతుంది. సెట్టింగుల్లో కాగితం రకం సరిగ్గా ఎంచి, ప్రింట్ హెడ్‌కూ కాగితానికీ మధ్య ఎడం పెంచుతారు. ఆపైన ఒక్కొక్క షీటే, తిన్నగా. రోలరు అందుకునే క్షణంలో వేళ్ల చిన్న ఆసరా, అంతే. తోస్తే పక్కకు పోతుంది.

గోడమీది బొమ్మ నచ్చితే చిత్రకారుడి పేరు అడుగుతాం. ఈసారి ప్రింటు తీసినవారి పేరు కూడా అడగండి.