ధర చెప్పేదీ, బొమ్మ చెప్పేదీ: వేలంపాటలో స్కాట్లండ్ చిత్రాలు

కిందటి భాగంలో ఒక చిత్రాన్ని ఎలా చూడాలి, దాని ముందు నిలబడి ఏ ప్రశ్నలు వేసుకోవాలి అన్న విషయాలు చదివారు. ఇప్పుడు అదే చిత్రాన్ని వేలంశాలలో పెట్టి చూద్దాం. అక్కడ పైకి వినిపించే ప్రశ్న ఒక్కటే: ఎంత? ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని సుత్తి దెబ్బ పడగానే దానికి జవాబు కూడా దొరుకుతుంది. విమర్శకుడికి మాత్రం పని అప్పుడే మొదలవుతుంది. నేను చాలా ఏళ్లు అసైన్‌మెంట్లు దిద్దాను. "ఈ చిత్రం కోట్లకు అమ్ముడుపోయింది కాబట్టి గొప్ప చిత్రం" అన్న వాక్యం ఏదో ఒక రూపంలో ప్రతి ఏడూ కనిపించేది. "డబ్బున్నవాళ్లు కొన్నారు కాబట్టి అందులో కళ లేదు" అన్న వాక్యమూ కనిపించేది. రెండింటిలోనూ బొమ్మను చూసిన జాడ ఉండదు. ఈ పాఠంలో అలా కాకుండా చూడటం సాధన చేద్దాం.

ఉదాహరణలకు స్కాట్లండ్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. జనాభా సుమారు 55 లక్షలు. అంత చిన్న దేశానికి తనదంటూ ఒక చిత్రకళా సంప్రదాయం ఉంది, దానికంటూ ఒక మార్కెట్టూ ఉంది. ఎడింబరోలోని లయన్ అండ్ టర్న్‌బుల్ వేలం సంస్థ 1826లో మొదలైంది. లండన్ సంస్థలైన సోథబీస్, క్రిస్టీస్, బోనమ్స్ కూడా స్కాటిష్ చిత్రాలకని విడిగా వేలాలు జరిపాయి. సోథబీస్ అయితే చాలాకాలం పాటు ఆగస్టు చివర, గోల్ఫ్‌కు పేరుపడిన గ్లెనీగల్స్ హోటల్లో వేలం పెట్టేది. బొమ్మలు ఎవరి కోసం అక్కడికి వెళ్లాయో ఆ చోటును బట్టే మీరు ఊహించవచ్చు.

వేలం జాబితాను చదవడం

వేలానికి ముందు అచ్చువేసే జాబితాను చాలామంది ధరల పట్టికగా చూస్తారు. నిజానికి అదీ ఒక విమర్శ పత్రమే. అందులోని ప్రతి మాటా తూచి వేసినది. వస్తువుకు ఒక లాటు నంబరు, దాని కింద అంచనా ధర రెండు అంకెల్లో ఉంటాయి. అమ్మేవారు ఇంతకు తక్కువైతే ఇవ్వబోమని సంస్థతో రహస్యంగా ఒప్పుకొన్న కనీస ధర వేరే ఉంటుంది. పాట అక్కడిదాకా రాకపోతే చిత్రం వెనక్కి వెళుతుంది. సుత్తి పడిన ధర మీద కొన్నవారు సంస్థకు రుసుము కూడా కట్టాలి. అందుకే ఒకే అమ్మకానికి పత్రికల్లో రెండు ధరలు కనబడతాయి. మీరు ఏది ఉదహరిస్తున్నారో చెప్పకుండా ధర రాయకండి.

ధర కన్నా ముఖ్యమైనది చిత్రకారుడి పేరు దగ్గరి భాష. పేరు సూటిగా, పూర్తిగా ఇస్తే ఆ చిత్రం ఆయనదేనని సంస్థ అభిప్రాయం. "ఆయనదని చెప్పదగినది" అంటే కొంత సందేహం. "ఆయన చిత్రశాల", "ఆయన పరిధిలోని వారు", "ఆయన అనుయాయి", "ఆయన ధోరణి", "ఆయన చిత్రానికి నకలు" అని మెట్టు మెట్టుగా దిగుతూ పోతుంది. సంతకం సంగతీ అంతే. "సంతకం చేసినది" అన్నదానికీ "సంతకం ఉన్నది" అన్నదానికీ చాలా తేడా. రెండోది ఆ సంతకం ఎవరు పెట్టారో పూచీ పడదు. మన తాళపత్రాల పరిష్కర్తలు కర్తృత్వం దగ్గర ఎంత జాగ్రత్తగా మాట వాడతారో, ఇదీ అలాంటిదే. కాకపోతే ఇక్కడ ఒక్క మాట జారితే లక్షల పౌండ్లు జారతాయి.

ఈ సందర్భంలో ఒక బొమ్మను తలచుకోవాలి. డడింగ్‌స్టన్ సరస్సు గడ్డకట్టి ఉంది. నల్లని దుస్తుల్లో ఒక మతాచార్యుడు చేతులు గుండెల మీద కట్టుకొని, ఒంటికాలి మీద మంచుపై జారిపోతున్నాడు. ఆయన పేరు రాబర్ట్ వాకర్. 1790ల నాటి ఈ చిత్రం హెన్రీ రేబర్న్‌ది అంటారు. 1949లో స్కాట్లండ్ జాతీయ గ్యాలరీ దీన్ని క్రిస్టీస్ వేలంలో 525 పౌండ్లకు కొన్నది. ఇవాళ అది దాదాపు ఆ దేశపు గుర్తు. తపాలా కార్డుల మీదా, చాక్లెట్ డబ్బాల మీదా ఉంటుంది. 2005లో ఒక క్యూరేటర్, ఇది రేబర్న్‌ది కాదనీ, ఫ్రెంచ్ చిత్రకారుడు అన్రి-పియేర్ దాన్లూది కావచ్చనీ వాదించాడు. రేబర్న్ చిత్రాలు సాధారణంగా పెద్దవి, వెడల్పు కుంచె గీతలతో ఉంటాయి. ఇది చిన్నది, నాజూకైనది. గ్యాలరీ రేబర్న్ పేరును తీసివేయలేదు. వాదన ఎటు తేలినా మంచు మీద స్కేట్లు గీసిన సన్నని గీతలు అలాగే ఉంటాయి, ఆ గంభీరమైన ముఖానికీ ఆ ఆటకూ మధ్య ఉన్న చిలిపితనమూ అలాగే ఉంటుంది. మారేది బీమా సొమ్ము. పేరుకు కట్టే విలువ ఎంత, బొమ్మకు కట్టే విలువ ఎంత అని విడదీసి చూడటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

నలుగురు రంగులకారులు

స్కాటిష్ వేలాల్లో తరచూ వినిపించే మాట "కలరిస్టులు". పెప్లో (1871–1935), కడెల్ (1883–1937), హంటర్ (1877–1931), ఫెర్గుసన్ (1874–1961). నలుగురూ పారిస్ గాలి పీల్చినవారే. మతీస్, సెజాన్ తరం రంగును ఎలా వాడుతున్నదో చూసి వచ్చి, తమ ఇళ్లలోని పూలకుండీలనూ, అయోనా దీవి ఇసుకతిన్నెలనూ ఆ రంగుల్లో చూశారు. అయితే ఈ నలుగురూ కలిసి ఒక ప్రకటన చేసి సంఘం పెట్టుకోలేదు. ఆ పేరు స్థిరపడటానికి తోడ్పడిన హనీమన్ పుస్తకం 1950లో వచ్చింది. అందులో ఉన్నది ముగ్గురే. అప్పటికి ఆ ముగ్గురూ చనిపోయారు. విమర్శకుడు అతికించిన చీటీ తరువాత వేలం జాబితాలో శీర్షిక అయింది, ఆ శీర్షిక కింద ధరలు పెరిగాయి. సాహిత్య చరిత్రలో యుగవిభజన చదివినవారికి ఇది వింతగా ఉండదు.

పెప్లో చిత్రం "కాఫీ పాట్" 1905 ప్రాంతంలోది. 2011లో క్రిస్టీస్‌లో, రుసుముతో కలిపి, 9,37,250 పౌండ్లు పలికింది. చీకటి వెనకతెర ముందు తెల్లని బల్లగుడ్డ, దాని మీద వెండి కాఫీ పాత్ర. వెలుగును ఒక్కొక్క కుంచె విసురుతో, దిద్దుబాటు లేకుండా దించాడు. మంచి చిత్రం, సందేహం లేదు. కానీ ఇది పెప్లో పారిస్‌లో కాపురముండకముందు వేసినది, మానే ఛాయ ఉన్నది, అంటే మార్కెట్టుకు భయం కలిగించనిది. 1910లో పారిస్ వెళ్లి 1912లో తిరిగివచ్చాక, ముదురు రంగులతో, గట్టి అంచు గీతలతో వేసిన కొత్త చిత్రాలు ఎడింబరోలోని ఆయన పాత డీలరుకు మింగుడుపడలేదు. ఆయన సాహసానికి గుర్తుగా నిలిచేవి నా దృష్టిలో ఆ తరువాతి చిత్రాలే. ఇక్కడ ధర నైపుణ్యాన్ని సరిగ్గానే గుర్తించింది, సాహసాన్ని మాత్రం కొలవలేదు.

పాట పాడే బట్లర్

ఇక అసలు తగాదాకు వద్దాం. జాక్ వెట్రియానో 1951లో ఫైఫ్ ప్రాంతంలో, గనుల ఊరు మెథిల్‌లో పుట్టాడు. పదహారో ఏట బడి మాని గనుల్లో పనికి కుదిరాడు. ఇరవై ఒకటో పుట్టినరోజుకు స్నేహితురాలు ఇచ్చిన నీటిరంగుల పెట్టెతో బొమ్మలు మొదలుపెట్టాడు. గురువు లేడు. కర్కాడీ గ్యాలరీలోని చిత్రాలకు నకళ్లు వేసి నేర్చుకొన్నాడు. ఆ గ్యాలరీలో పెప్లో చిత్రాలు చాలా ఉన్నాయన్నది గుర్తుపెట్టుకోండి. ఆయన 1992లో వేసిన "ది సింగింగ్ బట్లర్"ను లండన్ రాయల్ అకాడమీ తన వేసవి ప్రదర్శనకు తీసుకోలేదు. 2004 ఏప్రిల్‌లో హోప్‌టౌన్ హౌస్‌లో జరిగిన సోథబీస్ వేలంలో అంచనా 1,50,000 నుంచి 2,00,000 పౌండ్లు. సుత్తి 6,60,000 దగ్గర పడింది. రుసుముతో 7,44,800. అప్పటికి స్కాట్లండ్‌లో అమ్ముడుపోయిన స్కాటిష్ చిత్రాల్లో అదే రికార్డు. ఆనాటికి ఆ దేశపు జాతీయ గ్యాలరీల సేకరణలో ఆయన చిత్రం ఒక్కటీ లేదు.

ఇంకో సంగతి. ఆ పెరిగిన ధరలో చిత్రకారుడికి చట్టప్రకారం చిల్లిగవ్వ రాలేదు. తిరిగి అమ్మినప్పుడు చిత్రకారుడికి వాటా ఇచ్చే హక్కు బ్రిటన్‌లో 2006లో అమలులోకి వచ్చింది. చనిపోయినవారి వారసులకు 2012 నుంచి. మన దేశంలో కాపీరైట్ చట్టంలోని 53-ఏ సెక్షను ఈ వాటాను 1994 సవరణతోనే కాగితం మీద పెట్టింది. కాగితం మీద అని ఎందుకన్నానో లలితకళల విద్యార్థులు మీ ఊరి చిత్రకారులను అడిగి చూడండి.

విమర్శకులు వెట్రియానోను దుయ్యబట్టారు. ముద్రిత ప్రతులుగా జనం లక్షల్లో కొన్నారు. 2005లో, ఆ బొమ్మలోని మనుషుల భంగిమలు చిత్రకారుల కోసం అచ్చువేసిన ఫొటోల పుస్తకం నుంచి తీసుకొన్నవని బయటపడింది. చాలామంది అక్కడితో తీర్పు చెప్పేశారు. నాకు ఆ తీర్పు తొందరపాటుగా తోస్తుంది. భంగిమ ఎక్కడిదన్నది నేరం కాదు. దానితో ఏం చేశాడన్నదే ప్రశ్న. బొమ్మను చూడండి. తడి ఇసుక ఒడ్డున ఎర్ర గౌను స్త్రీ, సూటు తొడిగిన పురుషుడు నృత్యం చేస్తున్నారు. అటొకరు, ఇటొకరు, పనిమనిషీ బట్లరూ గొడుగులు పట్టుకొని నిలబడ్డారు. తడి ఇసుకలో ప్రతిబింబాలు చక్కగా వచ్చాయి. ఎరుపు ఉన్నచోటే కన్ను ఆగుతుంది. ఇవి తక్కువ విషయాలు కావు.

మరి లోపం? గాలి. గొడుగులూ బట్టలూ గాలి వీస్తున్నదంటాయి, కానీ ఆ గాలి ఎవరినీ ఇబ్బంది పెట్టదు. నర్తించేవారికి అది అలంకారం. ఇద్దరు నౌకర్లకు అది పని. అయినా వాళ్ల కష్టం వైపు బొమ్మ ఒక్కసారి కూడా తిరగదు. శీర్షిక బట్లర్ పేరు పెట్టుకొన్నది, చిత్రం మాత్రం అతని వీపునే చూపింది. గనిలో పనిచేసి వచ్చినవాడు గొడుగు పట్టేవాడి వైపు నుంచి ఈ దృశ్యాన్ని చూసి ఉంటే ఎలా ఉండేదో అని నేను అనుకోకుండా ఉండలేను. అలా అనుకోవడం విమర్శకుడి హద్దు దాటడమని మీలో కొందరు అనవచ్చు. అది మంచి వాదనే, పరీక్షలో రాయదగినదే.

అమ్మకం ఆగిన రాజు

స్కాటిష్ చిత్రం అంటే ఏది? వేసినవాడు స్కాట్ అయితేనా, వేసిన దృశ్యం స్కాట్లండ్ అయితేనా? "మోనార్క్ ఆఫ్ ది గ్లెన్"లోని కొమ్ముల దుప్పిని మీరు ఏదో ఒక సీసా మీద చూసే ఉంటారు. 1851 ప్రాంతంలో దాన్ని వేసిన ఎడ్విన్ లాండ్‌సీర్ లండన్‌లో పుట్టిన ఇంగ్లీషువాడు. మనుషులు కనబడని ఆ కొండలు వేటకు వచ్చే దొరల స్కాట్లండ్. అదే కొండల నుంచి గొర్రెల మేత కోసం వేలాది రైతు కుటుంబాలను ఖాళీ చేయించిన కాలమది. 2016లో యజమాని డియాజియో కంపెనీ దీన్ని క్రిస్టీస్‌లో వేలం వేయబోయి ఆగింది. 2017లో స్కాట్లండ్ జాతీయ గ్యాలరీలు విరాళాలు కూడగట్టి 40 లక్షల పౌండ్లకు కొన్నాయి. విలువలో మిగిలిన సగాన్ని కంపెనీ వదులుకొన్నది. బయటివాడు గీసిన తమ బొమ్మను ఒక దేశం డబ్బు పోగుచేసి ఇంటికి తెచ్చుకొన్నది. ఇందులో వ్యంగ్యం ఉంది, ప్రేమా ఉంది.

ఇంకో తీరం

జోన్ ఎర్డ్లీ (1921–1963) కూడా ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో పుట్టిందే. చదువు గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో. గ్లాస్గోలోని టౌన్‌హెడ్ మురికివాడల్లో పిల్లలను గీసింది. మెల్లకన్నులు, చాలని కోట్లు, ఒకరి భుజం మీద ఒకరు వాలిన తీరు. జాలి కోసం చేయి చాచని బొమ్మలు అవి. తరువాత ఉత్తర సముద్రపు ఒడ్డున కాటర్‌లైన్ అనే చిన్న జాలరి పల్లెలో ఉండి, తుఫాను వచ్చినప్పుడే బయటికి వెళ్లి సముద్రాన్ని వేసింది. గాలికి ఎగిరిపోకుండా చిత్రపు చట్రాన్ని తాళ్లతో, రాళ్లతో బిగించేది. పొలాల చిత్రాల్లో నిజమైన గడ్డికంకులు రంగులో అతుక్కొని ఉంటాయి. నలభై రెండేళ్లకే క్యాన్సర్‌తో చనిపోయింది. చితాభస్మాన్ని ఆ తీరంలోనే కలిపారు.

ఆమె చిత్రాలూ ఇప్పుడు వేలాలకు వస్తాయి, జాబితాల్లో ముందు పుటల్లోనే ఉంటాయి. ఆమె 1961 నాటి "ది వేవ్"ను, వెట్రియానో ఒడ్డును పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ స్కాట్లండ్ తూర్పు సముద్రాన్ని ఎరిగినవారివే. ఒకదానిలో గాలి గౌను అంచులో ఉంది. రెండోదానిలో గాలి రంగు పూతలోనే ఉంది. అలకూ ఆకాశానికీ మధ్య గీత ఎక్కడో తెలియదు, చూసేవాడు నిలబడడానికి పొడి నేల లేదు.

ఇప్పుడు మీ వంతు. ఈ రెండు చిత్రాల ముద్రిత ప్రతులను మీ అధ్యయన కేంద్రంలో గానీ, ఫోన్లో గానీ ఒక్కొక్కటి పది నిమిషాలకు తగ్గకుండా చూడండి. తరువాత ధర, రికార్డు, వేలం అన్న మాటలు వాడకుండా ఒక్కొక్క దాని మీద రెండేసి పుటలు రాయండి. రాసింది పక్కన పెట్టి, అప్పుడు ఈ పాఠంలోని అంకెలను మళ్లీ చదవండి. మీరు రాసినదానిలో ఏ వాక్యం మార్చాలనిపించిందో, ఎందుకు మార్చాలనిపించిందో మరో అర పుటలో రాసి, మూడింటినీ కలిపి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.